ఎవరి కోసం ఈ మేజోళ్లు?

డిసెంబరు నెల వచ్చిందంటే మా వీధిలో రెండు వాసనలు మొదలవుతాయి. ఒకటి కొత్త సున్నం వాసన, రెండోది ఎదురింటి టీచరమ్మగారి వంటింట్లోంచి వచ్చే కాగిన నూనె వాసన. కజ్జికాయలు, గులాబీ పువ్వులు, కారప్పూస - అన్నీ ఓ పెద్ద పళ్లెంలో సర్ది, పైన జేబురుమాలంత తెల్లగుడ్డ కప్పి, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆవిడే స్వయంగా తెచ్చి ఇస్తారు. ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకూడదు కదా, అది మా ఇంట్లోనే ఉండిపోయి సంక్రాంతికి అరిసెలతో గడప దాటుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ పళ్లెం రోడ్డుకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

కిందటేడు నాకో బుద్ధి పుట్టింది. ఆవిడకి బజారు కానుక కాకుండా చేత్తో చేసిన కానుక ఏదైనా ఇవ్వాలని. నాకు వచ్చిన విద్య ఒక్కటే, కుట్టుపని. "పండక్కి కొనుక్కున్న చీర పంపండి, ఫాల్స్ నేను కుట్టి ఇస్తాను. డబ్బు ఊసెత్తారో, మీ పళ్లెం పుచ్చుకోను" అన్నాను. ఆవిడ మురిసిపోయారు. ఊరుకోకుండా చర్చిలో స్నేహితురాళ్లతో చెప్పారు. వాళ్లు వాళ్ల తోటికోడళ్లతో చెప్పారు. వారం తిరిగేసరికి మా డైనింగు టేబిలు మీద ఇరవై రెండు చీరలు! "మీ మనసు బంగారమండీ" అని ఒకరూ, "ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ" అని ఒకరూ. మావారు మాత్రం "భోజనానికి కాస్త చోటుందా?" అన్నారు. ఆయన మాటకేం గాని, అద్దంలో చూసుకుంటే నాకే నా మొహం కొంచెం గొప్పగా కనిపించింది.

పదో రోజున మా వీధి చివర ఫాల్స్ కుట్టే అమ్మాయి గేటు దగ్గర నిలబడింది. పోట్లాడలేదు, గొంతు కూడా పెంచలేదు. "అమ్మగారూ, ఏటా క్రిస్మస్ చీరల డబ్బుతోనే పిల్లాడి ఫీజు కట్టేదాన్నండి. ఈసారి ఒక్కటీ రాలేదు. అందరివీ మీరే కుడుతున్నారంట గదా. మీకు మరీ ఎక్కువైతే కొన్ని నాకు పంపుతారేమోనని..." అంది.

చేతిలో ఉన్న సూది ఎక్కడ గుచ్చుకుందో చెప్పలేను.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే, ఎప్పుడో చదివిన ఒక పాత క్రిస్మస్ సంగతి గుర్తుకొచ్చింది. అది మన ఊరిది కాదు, మన దేశానిదీ కాదు. 1914లో, లండను మహానగరంలో, ఒక మహారాణీ లక్షలాది ఆడవాళ్లూ కలిసి సరిగ్గా నేను చేసిన పనే చేశారు. పొరపాటూ అదే. కాకపోతే వాళ్లు దాన్ని దిద్దుకునే ప్రయత్నం చేశారు. ఆ కథ మీక్కూడా చెబుతాను వినండి.

1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. మొదటి ప్రపంచయుద్ధమని తరవాత పేరొచ్చింది గాని, అప్పటికి ఎవరికీ అది అంత దూరం పోతుందన్న ఊహ లేదు. "క్రిస్మస్‌కల్లా కుర్రాళ్లు ఇంటికొచ్చేస్తారు" అనుకున్నారు చాలామంది. మగపిల్లలు రైళ్లెక్కి వెళ్లిపోయారు. మరి ఇంట్లో ఉన్న ఆడవాళ్లేం చెయ్యాలి? అయిదో జార్జి చక్రవర్తి భార్య, మేరీ మహారాణి, అల్లికలన్నా కుట్టుపనులన్నా ప్రాణం పెట్టే మనిషి. అలాంటి పనులతో పేదసాదలకి సాయం చేసే సంఘాలు ఆవిడ తల్లిగారి కాలం నుంచీ ఉన్నాయి. వాటన్నిటినీ కూడగట్టి, సైనికులకి బట్టలు కుట్టి పంపండని ఆవిడ దేశంలోని స్త్రీలందరికీ పిలుపిచ్చారు. క్వీన్ మేరీస్ నీడిల్‌వర్క్ గిల్డ్ అన్న పేరుతో సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లోనే మూటలు దించుకునే ఏర్పాటు జరిగింది.

ఇక చూడండి! బళ్లలో ఆడపిల్లలూ, ముసలమ్మలూ, దొరసానులూ, వంటమనుషులూ సూదులు పట్టారు. రైల్లో అల్లడం, ట్రాముల్లో అల్లడం, ఉపన్యాసం వింటూ అల్లడం. యుద్ధమంత్రి కిచెనర్ కోరిన మీదట, సైనికులకి 3 లక్షల జతల మేజోళ్లూ, 3 లక్షల ఉన్ని నడుంపట్టీలూ మహారాణి పేరా, సామ్రాజ్యంలోని స్త్రీల పేరా చలికాలానికి ముందే అందాలని సంకల్పం చెప్పుకున్నారు. ఆ సంఘం యుద్ధమంతా పని చేసింది. అది ముగిసేనాటికి పోగైన వస్తువులు కోటిన్నరకి పైమాటే. చాలామంది పిల్లలు తాము అల్లిన మేజోడులో పేరూ ఊరూ రాసిన చీటీ దూర్చి పంపేవారు. ఆ జత ఎవరికి అందితే ఆ సైనికుడు జవాబు రాసేవాడు.

వినడానికి ఎంత బాగుంది! ఇక్కడే ఉంది చిక్కు.

యుద్ధం రాగానే కలవారిళ్లలో ముందు తగ్గిపోయే ఖర్చేమిటి? కొత్త గౌన్లు, టోపీలు, లేసులు. దాంతో వాటిని కుట్టి బతికే ఆడవాళ్ల పని వేలాదిమందికి ఒక్కసారిగా పడిపోయింది. పోనీ, సైన్యానికి చొక్కాలూ మేజోళ్లూ కావాలి గదా, ఆ పని దొరుకుతుందనుకున్నారు. అంతలో జమీందారిణులూ ప్లీడరుగారి భార్యలూ ఆ పనే ఉచితంగా చెయ్యడం మొదలెట్టారు. ఊరికే వస్తున్న చొక్కాకి డబ్బెవరిస్తారు? ఆ తల్లులు కుట్టిన చొక్కా ఎవరో సైనికుడి ఒంటికి వెచ్చగానే ఉండొచ్చు. కాని అదే చొక్కా ఇంకో తల్లి పొయ్యిలో నిప్పు ఆర్పేసింది.

ఈ మాట నోరు తెరిచి చెప్పిన మనిషి మేరీ మెకార్థర్. గ్లాస్గోలో బట్టల వ్యాపారి కూతురు. మహిళా కార్మికుల సంఘం పెట్టి, 1910లో క్రాడ్లీ హీత్ అనే ఊళ్లో ఇనపగొలుసులు చేసే ఆడవాళ్ల పక్షాన వారాల తరబడి పోరాడి, గంటకి రెండున్నర పెన్నీల కూలి సాధించిపెట్టిన ధీర. యుద్ధం వచ్చిన ఆగస్టులోనే ఆవిడ, ఈ ఉచిత కుట్లు పేద స్త్రీల కూడు తీస్తున్నాయని గట్టిగా అంది.

ఇప్పుడు మహారాణి ఏం చెయ్యాలి? "మంచికి పోతే చెడు ఎదురయ్యింది" అని మూతి ముడుచుకోవచ్చు. నేనైతే ఆ పనే చేసేదాన్నేమో. ఆవిడ అలా చెయ్యలేదు, మెకార్థర్‌ని రమ్మని కబురంపారు. కార్మికసంఘం నాయకురాలికీ మహారాణికీ మధ్య మాటలు కలిశాయి. క్వీన్స్ వర్క్ ఫర్ విమెన్ ఫండ్ పేరుతో నిరుద్యోగ స్త్రీలకి పని చూపించే నిధి ఏర్పడింది. ప్రభుత్వం వేసిన స్త్రీల ఉపాధి సంఘానికి మెకార్థరే కార్యదర్శి అయింది. సైన్యానికి కావలసిన బట్టల పని వాళ్లకీ అందేటట్టు చూశారు, కుట్టుగదులు తెరిచారు. ఉచితంగా కుట్టే ఇల్లాళ్లకి కూడా, ఇంకొకరి జీతాన్ని కొట్టే పని మాత్రం వద్దని హెచ్చరిక వెళ్లింది.

అంతటితో అంతా సర్దుకుపోయిందని చెబితే కథ బాగుంటుంది గాని నిజం కాదు. ఆ కుట్టుగదుల్లో ఇచ్చిన కూలి గంటకి 3 పెన్నీలు. వారానికి మొత్తం 10 షిల్లింగులు మించకూడదు. "ఇది దయ కాదు, మహారాణిగారి చాకిరీ కొట్టం" అన్న అర్థం వచ్చేలా ఓ ఘాటైన పేరు పెట్టేసింది సిల్వియా పాంక్‌హర్స్ట్. స్త్రీలకి ఓటుహక్కు కోసం జైళ్లపాలైన ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ కూతురే ఈమె. తల్లి యుద్ధాన్ని సమర్థించింది, కూతురు వ్యతిరేకించింది. తల్లి ఒక దారి, కూతురు ఒక దారి.

తిట్టడం సులువే. ఆవిడ తిట్టి ఊరుకోలేదు. తూర్పు లండన్‌లోని బో అనే పేదల పేటలో కాపరం ఉంటూ, రెండు పెన్నీలకి భోజనం పెట్టే హోటలు పెట్టింది, పసిపిల్లలకి పాలు పంచింది. ఆ అక్టోబరులో ఒక బొమ్మల కార్ఖానా తెరిచింది. బొమ్మలే ఎందుకంటారా? అప్పటిదాకా ఇంగ్లీషు పిల్లలు ఆడుకునే బొమ్మల్లో చాలాభాగం జర్మనీ నుంచి వచ్చేవి. న్యూరెంబర్గ్ ప్రాంతపు బొమ్మలు లేనిదే క్రిస్మస్ లేదు. యుద్ధంతో అవి ఆగిపోయాయి. పండగ ముందుంది, దుకాణాల్లో బొమ్మలు లేవు, పేటలో ఆడవాళ్లకి పని లేదు. సిల్వియా చిత్రకళ చదువుకున్న పిల్ల. ఆవిడా, చిత్రకారులైన స్నేహితులూ నమూనాలు గీసిచ్చారు. నిన్నటిదాకా చొక్కాలు కుట్టిన చేతులు గుడ్డబొమ్మల్లో దూది కూరాయి, చెక్కబొమ్మలకి రంగులు పూశాయి. కూలి గంటకి 5 పెన్నీలు, లేదా వారానికి ఒక పౌను. పనికొచ్చే తల్లుల పిల్లల్ని చూసుకోవడానికి పక్కనే శిశువిహారం కూడా పెట్టారు. తయారైన బొమ్మల్ని సిల్వియాయే పట్టుకెళ్లి లండన్‌లో పేరుమోసిన సెల్‌ఫ్రిడ్జ్ దుకాణంవాళ్లకి చూపిస్తే, వాళ్లు అమ్మకానికి పెట్టారు.

ఆ కార్ఖానాలో తెల్లపాప ఒక్కతే కాదు, నల్లపాపా పసుపురంగు పాపా కూడా తయారయ్యేవారట. పేదరాలి చేతిలో పుట్టి, కలవారి పిల్ల ఒళ్లో క్రిస్మస్ పొద్దున నిద్రలేచిన ఆ బొమ్మకి తన వెనకాల ఇంత కథ ఉందని తెలియదు పాపం!

ఇటు లండన్‌లో ఇలా ఉంటే, అటు ఫ్రాన్స్ కందకాల్లో వాన, బురద. మోకాలిలోతు నీళ్లలో రోజులు గడిపితే కాళ్లు ఉబ్బి, నల్లబడి, కుళ్లు పట్టేవి. దానికి ట్రెంచ్ ఫుట్ అని పేరు. ఆ మొదటి చలికాలంలోనే 20,000 మందికి పైగా బ్రిటిష్ సైనికులు దాని బారిన పడ్డారు. కాళ్లు తుడుచుకుని, తిమింగలం నూనె రాసుకుని, పొడి మేజోళ్లు మార్చుకోవడమే దానికి విరుగుడు. అంటే, ఇంటిదగ్గర అమ్మమ్మ అల్లిన ఆ బూడిదరంగు జత ఉత్త ముచ్చట కాదు, కాలు నిలబెట్టే మందన్నమాట.

అయితే అల్లిన ప్రతిదీ పనికొచ్చిందా? లేదు. నడుంపట్టీల మడతల్లో పేలు చేరుతున్నాయని సైనికులు విసుక్కునేవారు. మేజోళ్లకి బొటనవేలి దగ్గర గట్టి కుట్టు ఉంటే, మైళ్లకొద్దీ నడిచేసరికి వేలు ఒరుసుకుపోయి పుండు పడేది. అల్లిక తెలిసిన అక్కయ్యలకి చెప్పనక్కర్లేదు, ముడి తేలకుండా వేళ్ల దగ్గర రెండు అంచుల్నీ కలిపేసే పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషు అల్లిక పుస్తకాల్లో ఇవాళ్టికీ దాన్ని కిచెనర్ కుట్టు అనే అంటారు. ఆ మంత్రిగారు సూది పట్టారో లేదో మనకెందుకు గాని, ఆ కుట్టులో ఒక నీతి ఉంది. అల్లేటప్పుడు మన వేళ్లు ఎంత చకచకా కదిలాయన్నది కాదు ముఖ్యం, తొడుక్ున్నవాడి వేలికి అది ఎలా తగులుతుందన్నదే.

ఈ రహస్యం ఓ పదిహేడేళ్ల పిల్లకి కూడా తెలిసింది. మేరీ మహారాణి కూతురు, ఆమె పేరూ మేరీయే. యుద్ధంలో ఉన్న ప్రతి సైనికుడికీ, నావికుడికీ తన సొంత డబ్బుతో క్రిస్మస్ కానుక పంపుతానంది. అది అయ్యే పని కాదని పెద్దవాళ్లు చెప్పి, అక్టోబరులో ఆమె పేరున చందాలకి విజ్ఞప్తి చేశారు. మామూలు జనం చిల్లర నాణేలతో నిధి నింపేశారు. పైన రాకుమారి బొమ్మ చెక్కిన చిన్న ఇత్తడి పెట్టె అది. 1914 క్రిస్మస్ వేళకి 4 లక్షల పెట్టెలు పైగా పంచారు. యుద్ధం ముగిశాక కూడా పంపకం సాగి, మొత్తం లెక్క 25 లక్షలు దాటింది.

పెట్టెలో మామూలుగా పొగాకు, సిగరెట్లు. చుట్ట బీడీ అలవాటు లేనివాళ్లకి పుల్లని బిళ్లలూ, ఉత్తరాలు రాసుకునే సరంజామా. నర్సులకి చాక్లెట్లు. మరి మనవాళ్లకో? ఆ సెప్టెంబరు నెలాఖరున మార్సెయిల్స్ రేవులో దిగిన భారతీయ సైనికులు అప్పటికే ఆ బురదలో ఉన్నారు. సిక్కులు పొగాకు ముట్టరు. అందుకని వాళ్లకి పటికబెల్లమూ, ఓ డబ్బాలో మసాలా దినుసులూ పెట్టారు. నీళ్లు మోసే భిస్తీలకి కూడా ఓ డబ్బా మసాలాలు అందాయి. సామ్రాజ్యం వాళ్ల పోరాటం కోసం మనవాళ్లని సముద్రాలు దాటించిన అన్యాయం ఓ డబ్బా లవంగాలతో తీరేది కాదు. అయినా, ముక్కూమొహం ఎరగని ఒక భిస్తీ ఏం తింటాడు, ఏం తినడు అని ఎవరో ఒకరు లండన్‌లో కూర్చుని ఆలోచించారే, ఆ ఆలోచన మాత్రం కానుకే. ఆ చలిలో ఇంటి మసాలా వాసన తగిలితే కళ్లు చెమర్చవూ!

ఆ క్రిస్మస్ రోజునే కదా, కొన్నిచోట్ల రెండు వైపుల కందకాల్లోంచీ సైనికులు పైకొచ్చి చేతులు కలిపింది! జర్మన్లు కందకాల గట్ల మీద చిన్న చిన్న క్రిస్మస్ చెట్లు వెలిగించారు. గుండీలూ, సిగరెట్లూ, ఇంటి నుంచి వచ్చిన తినుబండారాలూ ఒకరికొకరు ఇచ్చుకున్నారు. మన 39వ గఢ్వాల్ రైఫిల్స్‌వాళ్లు కూడా అందులో ఉన్నారు. ముందురోజు వరకూ తుపాకీ గురిపెట్టినవాడికి, ఇవ్వడానికి ఏముంటుంది? చొక్కా గుండీ ఉంది. అదే తెంపి ఇచ్చారు.

ఇదంతా గుర్తుచేసుకుంటూ ఉంటే నరసాపురం లేసు నా కళ్లముందు మెదిలింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు మన గోదావరి తీరపు ఆడవాళ్లకి నేర్పిన విద్య అది. చిన్న కొక్కెం సూదితో అల్లిన ఆ తెల్లని పూలు ఓడలెక్కి విదేశాల్లో టేబిళ్ల మీద పరుచుకున్నాయి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1970ల చివర్లో ఇక్కడికొచ్చి, ఆ స్త్రీలతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం వెలువరించింది. "ఏదో, ఇళ్లలో ఊసుపోక అల్లుకుంటారు" అని అందరూ కొట్టిపారేసే ఆ పని, ఇంటిచాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటల చాకిరీ అనీ, చేతికొచ్చేది మాత్రం అత్యల్పమనీ ఆమె తేల్చింది. ఊసుపోక! ఆడదాని చేతిపనికి మన వాళ్లు పెట్టిన ముద్దుపేరు ఇది. చేతిపని చేసి ఇచ్చేవాళ్లని మనం మెచ్చుకుంటాం, చేతిపని చేసి బతికేవాళ్లతో బేరమాడతాం.

తెల్లారింది. ఇరవై రెండు చీరల్లో ఇంకా పదమూడు మిగిలి ఉన్నాయి. వాటిని మూటగట్టి వీధి చివరికి నేనే పట్టుకెళ్లాను. కుట్టుకూలి మొత్తం లెక్కగట్టి ముందే ఇచ్చేశాను. నేను కుట్టిపారేసిన తొమ్మిదింటి డబ్బు కూడా ఇవ్వబోతే ఆ పిల్ల ససేమిరా తీసుకోలేదు. "చెయ్యని పనికి డబ్బెందుకండీ?" అంది. మెకార్థర్ చెప్పినదీ ఇదే కదా, వాళ్లు అడిగింది ముష్టి కాదు, పని. "పోనీ మా ఇంట్లో పది చీరలున్నాయి, ఫాల్స్ పాతబడిపోయాయి, మార్చి పెట్టు" అన్నాను. దానికి ఒప్పుకుంది.

మరి టీచరమ్మగారి కానుక? ఈసారి నేనే ఊహించుకోకుండా వెళ్లి అడిగాను, "మీకేం కావాలండీ?" అని. ఆవిడ కాసేపు మొహమాటపడ్డారు. తరవాత చేతులు చాపి చూపించారు. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. "గులాబీ పువ్వుల అచ్చు పట్టుకోలేకపోతున్నానమ్మా. ఈ ఏడు మానేద్దామనుకుంటున్నాను" అన్నారు మెల్లిగా.

ఇరవై ఏళ్లు ఆ పళ్లెం అందుకున్నాను గాని, దాన్ని అందించే చేతుల వంక నేనెప్పుడూ చూడలేదు.

క్రిస్మస్ ముందురోజు ఆవిడ వంటింట్లో పీట మీద ఆవిడ, పొయ్యి ముందు నేను. అచ్చు నూనెలో ఎంతసేపు కాగాలో, పిండిలో ఎంతవరకూ ముంచాలో ఆవిడ చెబుతూంటే నేను వేశాను. మొదటి అయిదూ అచ్చుకి అతుక్కుపోయి ముక్కలయ్యాయి. ఆరోది పువ్వయి తేలింది. అంతలో కుట్టిన చీర ఇవ్వడానికొచ్చిన ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, అచ్చు కాలకుండానే ముంచుతున్నారు, ఇలా తెండి" అని కొంగు దోపుకుంది.

ఆ సాయంత్రం పళ్లెం మా ఇంటికొచ్చింది. ఇంకో పళ్లెం వీధి చివరికి వెళ్లింది. సంక్రాంతికి అరిసెలు ఈసారి రెండు పళ్లేలకి చెయ్యాలి.